కోళ్ల గూటి చుట్టూ ఎలుకలు: ఇనుప జాలి కన్నా ముందు గింజ సంగతి చూడండి

మా ఇల్లు దేవరకొండ వైపు ఒక చిన్న ఊళ్లో. పెరట్లో ఎప్పుడూ పది పన్నెండు కోళ్లుంటాయి, కొన్ని నాటువి, కొన్ని వనరాజా రకం. మూడేళ్ల కింద కార్తీకంలో ఒక పెట్ట పదకొండు పిల్లల్ని చేసింది. రాత్రి తల్లినీ పిల్లల్నీ గంప కింద మూసి, పైన రాయి పెట్టేవాళ్లం. మొదటి రోజు పొద్దున లెక్కపెడితే పది. రెండో రోజు ఎనిమిది. మూడో రోజు గంప లేపేసరికి ఒక పిల్ల బతికే ఉంది గాని దాని కుడికాలు సగం లేదు.

అందరం పక్కింటి పిల్లిని తిట్టుకుంటున్నాం. మా అవ్వ మాత్రం ఏమీ అనకుండా గంప ఉన్న చోట నేలను కాలి బొటనవేలితో అదిమింది. అరచెయ్యంత మేర మట్టి లోపలికి కుంగింది. కింద బొరియ. పందికొక్కు గడ్డివాము కింది నుంచి తవ్వుకుంటూ వచ్చి సరిగ్గా గంప లోపలే తేలింది.

"పిల్లినెందుకు తిడుతున్నరు? రోజూ బువ్వ పెట్టి పిలుస్తున్నది మీరే గదా" అంది అవ్వ, గూటి పక్కనున్న రేకు పళ్లెం చూపిస్తూ. అందులో రాత్రి కోళ్లు వదిలేసిన నూకలు గుప్పెడు ఉన్నాయి.

ఆ తర్వాత జాలీలు కొన్నాం, బోన్లు పెట్టాం, సిమెంటు పోశాం. అన్నీ పనికొచ్చాయి. కానీ ఇప్పుడు ఎవరైనా అడిగితే మొదట చెప్పేది ఆ పళ్లెం గురించే. ఎలుక కోడి కోసం రాదు, గింజ కోసం వస్తుంది. వచ్చాక గుడ్డు కనబడితే గుడ్డు, పిల్ల దొరికితే పిల్ల.

ఇది ఎలుక పనేనా?

డబ్బు ఖర్చు పెట్టే ముందు రెండు రాత్రులు దొంగను పట్టడానికి కేటాయించండి. పొయ్యిలో బూడిద జల్లెడ పట్టి, గూటి తలుపు ముందు, గోడ వెంబడి, అనుమానం ఉన్న సందుల దగ్గర పలుచగా చల్లండి. తెల్లారి కోళ్లను వదలకముందే టార్చి వేసి చూడండి. కోళ్లు బయటికొస్తే ఆనవాలు మొత్తం చెరిపేస్తాయి.

ఎలుక అడుగైతే ముందుకాలికి నాలుగు వేళ్లు, వెనకకాలికి ఐదు. మధ్యలో తోక ఈడ్చిన గీత కూడా ఒక్కోసారి కనబడుతుంది. పిల్లి అడుగు గుండ్రంగా, గోళ్ల గుర్తు లేకుండా పడుతుంది. పాము అయితే అడుగులే ఉండవు, మెలికల దారి ఉంటుంది. నష్టం తీరు కూడా చెబుతుంది: పాము గుడ్డును పెంకుతో సహా మింగేస్తుంది, ఏమీ మిగలదు. ముంగిస మెడ కొరుకుతుంది, ఒక్క రాత్రిలో రెండు మూడు కోళ్లను కూడా చంపేయగలదు. ఎలుక చిన్న కోడిపిల్లల్ని బొరియలోకి లాక్కుపోతుంది. ఈడ్చలేకపోతే కాళ్లు, పొట్ట కింద కొరికి వదిలేస్తుంది. పగిలిన పెంకులు గూటి మూల దొరికితే దాని మీదే అనుమానం పెట్టుకోవచ్చు.

తర్వాత పెంటికలు చూడండి. చిట్టెలుకవి బియ్యపు గింజ కన్నా చిన్నగా ఉంటాయి, ఎలుకవి అర అంగుళం దాకా, పందికొక్కువి ఇంకా లావు. పందికొక్కు బొరియ దగ్గర తవ్విపోసిన మట్టి కుప్పగా పడి ఉంటుంది, దాన్ని పోల్చుకోవడం తేలిక. (ఇంగ్లీషు వాళ్ల బాండికూట్ అన్న మాట మన పందికొక్కు నుంచి పోయిందే. బెదిరిస్తే పందిలాగా గురగురమంటుంది కూడా.)

బొరియలు ఎన్ని ఉన్నా భయపడకండి, అన్నిట్లో ఎలుకలుండవు. సాయంత్రం కనబడినవన్నీ తడిమట్టితో మూసెయ్యండి. తెల్లారేసరికి ఏవి తెరుచుకున్నాయో అవే అసలైనవి. వాటి పక్కన పుల్ల పాతి గుర్తు పెట్టుకోండి. బోను ఎక్కడ పెట్టాలో ఆ పుల్లలే చెబుతాయి.

గింజ లెక్క

పెరట్లో తిరిగి పురుగూ గడ్డీ ఏరుకునే కోడికి సాయంత్రం పైనుంచి 30 నుంచి 50 గ్రాముల దాణా చాలు. అంటే పది కోళ్లకు ఎక్కువలో ఎక్కువ అరకిలో. పెద్ద ఎలుక ఒక్కటి రాత్రికి 20 గ్రాముల దాకా తింటుంది. పది ఎలుకలు చేరితే 200 గ్రాములు, అంటే నాలుగైదు కోళ్ల తిండి. తిన్నదానికన్నా చిందరవందర చేసి, పెంటికలు వేసి పాడుచేసేదే ఎక్కువ. మిర్యాలగూడ మిల్లుల్లో నూకలు, తవుడు తేలిగ్గా దొరుకుతాయని బస్తా తెచ్చి గూటి పక్కన పడేసేవాళ్లున్నారు. మేమూ అదే చేశాం. ఆ బస్తా అడుగున ఎలుక పిల్లల్ని పెట్టిన రోజు గాని తెలివి రాలేదు.

చేయాల్సింది ఇదీ. పొద్దు గూకడానికి గంట ముందు దాణా వేయండి. కోళ్లు ఇరవై నిమిషాల్లో ఎంత తింటాయో అంతే వేయండి. గూట్లోకి పోయాక పళ్లెం ఎత్తి, కడిగి, ఇంట్లో బోర్లించండి. కింద రాలిన గింజలు ఊడ్చెయ్యండి. మొదట్లో విసుగ్గా ఉంటుంది, వారంలో అలవాటైపోతుంది. నేల మీద చల్లి తినిపించే అలవాటున్నవాళ్లు మట్టి మీద కాకుండా బండ మీద చల్లితే ఊడ్వడం సులువు.

దాణా నిల్వకు మూత గట్టిగా పట్టే ఇనుప డ్రమ్మో, పాత నూనె డబ్బానో వాడండి. ప్లాస్టిక్ డ్రమ్ము ఎన్నాళ్లో ఆగదు. ఎలుక ముందు పళ్లు బతికున్నన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, అది ఏదో ఒకటి కొరకక తప్పదు. డ్రమ్మును నేల మీద కాకుండా రెండు ఇటుకల మీద, గోడకు జానెడు దూరంలో పెట్టండి. చుట్టూ తిరిగి చూడడానికి సందుంటే ఎలుక కాపురం పెట్టదు.

గుడ్లు కూడా రాత్రి గూట్లో ఉంచొద్దు. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఏరండి.

నీళ్లూ అంతే. కోళ్ల నీళ్ల గిన్నె రాత్రి బోర్లించండి, గోలెం మీద మూత వేయండి. ఎండాకాలం మన దిక్కు చెరువులెండితే ఎలుకకు తిండికన్నా నీళ్లే కరువు. ఏప్రిల్, మే నెలల్లో తడి ఎక్కడుంటే అక్కడికి వస్తుంది.

కట్టెల కుప్ప, పిడకలు, పాత గోనె సంచులు, పగిలిన గూన పెంకులు... ఇవి గూటికి ఆనుకుని ఉంటే జరపండి. గడ్డివామును కదిలించలేం కాబట్టి గూటినే అటునుంచి ఇటు మార్చడం మేలు. మేం అదే చేశాం, ఇరవై అడుగుల దూరం జరిపాం.

కింది నుంచి రాకుండా

మన ఎర్ర చెల్క నేలల్లో వాన పడ్డాక పందికొక్కుకు తవ్వడం వెన్నతో పెట్టిన విద్య. గూటికి రెండు దారులున్నాయి: నేల మీద కట్టి అడుగు గట్టి చేయడం, లేదా కాళ్ల మీద లేపడం.

నేల మీదైతే, లోపల ఇటుక ముక్కలు, కంకర పరిచి దిమ్మిస కొట్టి, పైన రెండంగుళాల కాంక్రీటు పోయండి. అంత ఖర్చు వద్దనుకుంటే షాబాద్ బండల ముక్కలు పరిచి, సందుల్లో సిమెంటు నింపండి. బండలమ్మే చోట విరిగిన ముక్కలు చవగ్గా ఇస్తారు. సందులు నింపకుండా బండలు మాత్రమే పరిస్తే లాభం లేదు, వాటి కిందే చల్లగా ఉందని కాపురం పెడుతుంది. పైన రెండు మూడు అంగుళాల ఊక పోసి, వారానికి రెండుసార్లు తిరగేయండి. కదపని ఊకలో చిట్టెలుకలు గూడు కడతాయి.

అడుగు గట్టిదైనా గోడ వెంబడి బయట ఒక ఏర్పాటు కావాలి. జాలిని రెండడుగుల వెడల్పు పట్టీగా కత్తిరించండి. గోడ పక్కన అడుగు లోతు కాలువ తీసి, జాలిని అడుగు కిందికి దింపి, మిగతా అడుగు బయటి వైపు మడిచి, మట్టి కప్పి తొక్కండి. ఎలుక ఎప్పుడూ గోడ మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది. జాలి తగిలితే పక్కకు జరిగి మళ్లీ గోడ మొదట్లోనే ప్రయత్నిస్తుంది గాని, రెండడుగులు వెనక్కి పోయి అక్కడినుంచి తవ్వాలన్న ఆలోచన దానికి సాధారణంగా రాదు. నేల రాతిదై కాలువ తీయలేకపోతే జాలిని నేల మీదే పరిచి, గోడకు బిగించి, పైన రాళ్లు పేర్చినా పనిచేస్తుంది.

కాళ్ల మీద లేపేట్టయితే కనీసం మూడడుగులు లేపండి. ఎలుక రెండడుగులకు పైగా ఎగరగలదు. కర్ర కాళ్లయితే ఒక్కో కాలికి మధ్యలో నున్నని రేకు అడుగున్నర ఎత్తున చుట్టి మేకులు కొట్టండి, దాని గోళ్లకు పట్టు దొరకదు. కోళ్లు ఎక్కే నిచ్చెనను రాత్రి తీసెయ్యాలి. ఇది మరిచిపోతే మిగతాదంతా వృథా. పైన వేప కొమ్మో, దొండ తీగో కప్పు మీదికి వాలి ఉంటే కొట్టెయ్యండి. ఇంటి ఎలుక చెట్టెక్కడంలో ఉడతకేమీ తీసిపోదు.

జాలి ఎంపిక

దుకాణంలో కోళ్ల జాలి అని అడిగితే ఆరు మూలల కళ్లున్న సన్నటి జాలి చుట్ట ఇస్తారు. కోడి బయటికి పోకుండా అది ఆపుతుంది. ఎలుక మాత్రం దాంట్లోంచి నింపాదిగా వస్తూ పోతూ ఉంటుంది. మీరు అడగాల్సింది అర అంగుళం కళ్ల జీఐ వెల్డ్ మెష్, అంటే జింకు పూత వేసిన ఇనుప తీగలు అతికి చేసిన జాలి. చిట్టెలుకల బెడద ఉంటే పావు అంగుళం కళ్లది తీసుకోండి. ప్లాస్టిక్ జాలి, దోమతెర, ఆకుపచ్చ నెట్టు, ఇవేవీ ఎలుక పంటికి ఆగవు.

సందుల సంగతికి నా కొలత: బొటనవేలు దూరే సందైతే ఎలుకకు చాలు, పెన్సిల్ దూరే సందైతే చిట్టెలుకకు చాలు. చీకటి పడ్డాక ఒకరు గూట్లో టార్చి పట్టుకుని కూర్చోవాలి, ఇంకొకరు బయటినుంచి చుట్టూ తిరగాలి. వెలుగు ఎక్కడ బయటికి కనబడితే అక్కడ సుద్దముక్కతో గీత పెట్టండి. మా గూటికి ఆ రాత్రి పద్నాలుగు గీతలు పడ్డాయి. అందులో ఆరు తలుపు దగ్గరే.

తలుపు కింద ఇనుప రేకు పట్టీ కొట్టి, గడపకూ దానికీ మధ్య పెన్సిల్ దూరకుండా చూడండి. గోడ రంధ్రాల్లో గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కి, పైన సిమెంటు మెత్తండి. ఒట్టి మట్టి మెత్తితే తెల్లారేసరికి తవ్వేస్తుంది. జాలిని సన్న మేకులతో అక్కడక్కడ కాకుండా, అంచు మీద చెక్క పట్టీ పెట్టి జానెడుకొకటి చొప్పున బిగించండి.

ఒక జాగ్రత్త. ఎలుకల భయంతో గూడంతా రేకు కొట్టేసేవాళ్లున్నారు. నల్లగొండ ఎండల సంగతి తెలిసిందే, మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజున ఆ రేకు గూట్లో కోళ్లు ఉడికిపోతాయి. కింద రెండడుగులు గోడో రేకో ఉంచి, పైన జాలి ఉంచండి. గాలి ఆడాలి.

పిల్లల తల్లి ఉన్నప్పుడు గంప వాడడం మేం మానలేదు. కాకపోతే మట్టి నేల మీద పెట్టడం లేదు. బండ మీద పెట్టి, గంప చుట్టూ అర అంగుళం జాలితో చేసిన పంజరం బోర్లిస్తున్నాం.

బోను

ముందే మేలైన తిండి దొరుకుతుంటే ఎలుక బోనులోకి రాదు. కాబట్టి పళ్లెం ఎత్తేయడం మొదలుపెట్టి నాలుగైదు రోజులయ్యాకే బోన్లు పెట్టండి. ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం ఎక్కువ. మొదటి మూడు నాలుగు రాత్రులు బోను తలుపు పడకుండా కట్టేసి, లోపల ఎర మాత్రం పెట్టండి. నిశ్చింతగా తిని పోనివ్వండి. ఎర రోజూ ఖాళీ అవుతుందంటే ఐదో రాత్రి తలుపు ఎత్తి పెట్టండి. ఈ ఓపిక లేక మొదటి రోజే పెట్టి, ఒక్కటి పడగానే మిగతావి జాగ్రత్త పడ్డాయని బోనును మూల పడేసినవాళ్లను చాలామందిని చూశాను.

ఎరకు వేయించిన పల్లీలు, ఎండుచేప ముక్క, కొబ్బరి, నూనె పీల్చిన పకోడి. మా ఇంట్లో గెలిచింది మిర్చి బజ్జీ. లోపలి మిర్చి వదిలి పైన పిండి మాత్రం తింటుంది, అదొక్కటే నష్టం. ఒక్క బోను సరిపోదు, చిన్న పెరటికైనా రెండు మూడు ఉండాలి. గోడకు ఆనించి, నోరు గోడ వెంబడి ఉండేలా పెట్టండి, ఎలుక నడిమధ్యలోంచి నడవదు. కోళ్లను మూసిన తర్వాతే బోను తెరవాలి, పొద్దున వదిలే ముందే ఎత్తాలి. టప్పున పడే చెక్క బోనైతే కోడి కాలు విరుగుతుంది. జిగురు అట్టల జోలికి పోవద్దు, ఒకసారి వాటికి మా కోడిపిల్లే అతుక్కుంది. నూనె రాసి విడదీసేసరికి సగం తోలు ఊడింది.

పడినదాన్ని పక్క చేనులో వదిలి చేతులు దులుపుకోవద్దు, ఆ చేనాయన ఊరుకోడు. చేతికి తొడుగు వేసుకుని, గోనె సంచిలోకి వంచి, ఒక్క దెబ్బతో ముగించి, అడుగున్నర లోతున పాతిపెట్టండి. నీళ్లలో ముంచి సతాయించడం అక్కర్లేదు. తర్వాత బోనును వేడినీళ్లతో కడగండి.

ఒకటి రెండు పడగానే ఆపకండి. ఎలుక మూడు వారాలకే ఈనుతుంది, ఈతకు ఆరు నుంచి పది పిల్లలు. వరుసగా వారం రోజులు బోను ఖాళీగా ఉంటేనే పని అయినట్టు.

మందు విషయం

కోళ్లు తిరిగే పెరట్లో మందు పెట్టొద్దనే నా మాట. పొలంలో వాడే జింక్ ఫాస్ఫైడ్ కడుపులోకి పోయాక విషవాయువుగా మారుతుంది, దానికి విరుగుడు లేదు. నూకల్లో కలిపి పెడతారు కాబట్టి కోడి కూడా అంతే ఇష్టంగా తింటుంది. బ్రోమాడయోలోన్ కేకు నెమ్మదిగా పనిచేస్తుంది, తిన్న ఎలుక కొన్ని రోజులకు ఎక్కడో చస్తుంది. చచ్చిన చిట్టెలుక కనబడితే కోడి వదలదు, పొడిచి తింటుంది. ఆ విషం దానికీ పాకుతుంది. పిల్లికీ అంతే.

టమాటా ముక్కకు పూసి పెట్టే పేస్టు ఇంట్లోకి అసలే రానివ్వకండి. అందులో పసుపు భాస్వరం ఉంటుంది, కాలేయాన్ని పాడుచేస్తుంది, దానికీ విరుగుడు లేదు. పిల్లలున్న ఇంట్లో దాన్ని అటక మీద దాచినా టెన్షనే.

పరిస్థితి చేయి దాటి, పెరటి బయట గట్టు మీది బొరియల్లో కేకు పెట్టక తప్పదంటే, వ్యవసాయ అధికారిని అడిగి, బొరియ లోపలే పెట్టి మూసి, ఆ వారం కోళ్లను మూసి ఉంచి, రోజూ పొద్దున చచ్చినవాటిని ఏరి పాతిపెట్టండి. వీధిలో నలుగురు ఒకేసారి చేస్తేనే దానికి అర్థం. లేకపోతే మీ ఎలుకలు చచ్చి పక్కింటివి మీ ఇంటికొస్తాయి.

పిల్లిని పెంచమని చాలామంది చెబుతారు. చిట్టెలుకలకు సరే. బలిసిన పందికొక్కును చూస్తే మా పిల్లి గోడెక్కి కూర్చుంటుంది. కోడిపిల్లల మీద మాత్రం దానికి భయం లేదు. ఎలుకల్ని తరుముతాయని అమ్మే, కూతపెట్టే కరెంటు యంత్రాలకు ఎలుకలు నాలుగు రోజుల్లో అలవాటు పడతాయి. ఆ డబ్బుకు జాలి వస్తుంది.

చెయ్యి పెట్టొద్దు

బొరియలో చెయ్యి పెట్టి చూడకండి. ఎలుక ఉన్నచోటికి నాగుపాము, కట్లపాము వస్తాయి, దాని బొరియలోనే ఉంటాయి కూడా. గడ్డపార, టార్చి, కాళ్లకు బూట్లు ఉండాలి. జెర్రిపోతు కనబడితే చంపకండి, అది విషం లేనిది, ఎలుకల్ని తినేది. గుడ్లు కూడా తింటుంది, అది వేరే సంగతి, జాలి ఉంటే దానికీ అడ్డమే. ఏ పామైనా కరిస్తే గాటు కోయడం, తాడు బిగించడం చేయకుండా 108కి ఫోన్ చేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఆసుపత్రికి చేరండి.

గూడు ఊడ్చేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, పొడి పెంటికల మీద ముందు నీళ్లు చల్లండి. ఎలుక ఉచ్చ కలిసిన తడిలో చెప్పుల్లేకుండా తిరిగితే ఎలుక జ్వరం వచ్చే ప్రమాదం ఉంది. ఇలాంటి పని చేశాక వారం పది రోజుల్లో జ్వరం, పిక్కల నొప్పులు వస్తే డాక్టరుకు ఎలుకల సంగతి కూడా చెప్పండి. ఎలుక ముట్టిన దాణా నుంచి కోళ్లకు సాల్మొనెల్లా అనే బాక్టీరియా రోగం రావచ్చు కాబట్టి, పెంటికలు కనబడిన నూకలు జల్లెడ పట్టి వాడుకుందామని చూడకుండా పారబోయండి.

ఎప్పుడు జాగ్రత్తగా ఉండాలి

ఊళ్లోకి కోత మిషన్ వచ్చిన రోజును గుర్తుపెట్టుకోండి. వానాకాలం వరి కోతలు అక్టోబరు, నవంబరులో, యాసంగివి ఏప్రిల్ దగ్గర. చేను ఖాళీ అవగానే అక్కడున్న ఎలుకలన్నీ ఊరి వైపు తిరుగుతాయి. సాగర్ ఆయకట్టులో ఇది కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అచ్చంపేట, వనపర్తి వైపు పల్లి పీకాక కూడా ఇదే వరస. కోతలకు పది రోజుల ముందే జాలి అంచులు, తలుపు రేకు, గోడ మొదళ్లు ఒకసారి చూసుకోండి. మిగతా రోజుల్లో నెలకోసారి టార్చి తిప్పితే చాలు.

మేం ఇప్పటికీ కోతలప్పుడు బూడిద చల్లుతాం. నిరుడు నవంబరులో ఒక పొద్దున అడుగులు కనబడ్డాయి. గడ్డివాము దగ్గర మొదలై, గూటి చుట్టూ రెండుసార్లు తిరిగి, తలుపు దగ్గర కాసేపు గీరి, పాత పళ్లెం ఉండే చోట ఆగి, మళ్లీ గడ్డివాము వైపే పోయాయి. ఆ సాయంత్రం బోను అక్కడికి జరిపాం, తలుపు కట్టేసి, బజ్జీ ముక్క పెట్టి.